చెరువులోని కూర, చెరువులోని మందు: మరుగున పడిన నీటి మొక్కల గురించి

సభలో ఉన్న పెద్దలకు, వృక్షశాస్త్ర విద్యార్థులకు, ఆయుర్వేద వైద్యులకు నమస్కారం.

చెరువు గురించి మాట్లాడేటప్పుడు మనం ఆయకట్టు ఎన్ని ఎకరాలని అడుగుతాం, చేపలు ఎన్ని టన్నులు పట్టారని అడుగుతాం. ఎవరూ విత్తకుండా, ఎవరూ నీరు పెట్టకుండా ఆ నీళ్ళలోనూ, ఆ గట్టు తడిలోనూ పెరిగి, కొన్ని తరాల పాటు ఊళ్ళో పేదవారి కంచంలోకి కూరగానూ, నాటువైద్యుని సంచిలోకి మందుగానూ వచ్చిన మొక్కల లెక్క ఏ రికార్డులోనూ ఉండదు. ఈనాటి ప్రసంగం ఆ మొక్కల గురించి. అవి రుచిలేనివి కావడం వల్ల మరుగున పడ్డాయని నేను అనుకోవడం లేదు. వాటిని ఎరిగినవారికి చెరువులోకి దారి మూసుకుపోయింది, చెరువు ఒకటి రెండు అవసరాలకే అంకితమైపోయింది, అందుకని అవి మన వంటిళ్ళ నుంచి జారిపోయాయి. దీనితో పాటు ఇంకో మాట కూడా చెప్పదలచుకున్నాను. ఇప్పుడు కొందరు వాటిని ఉత్సాహంగా వెనక్కి తెస్తున్నారు కానీ, పేరును మాత్రమే తెస్తున్నారు; ఏ భాగం, ఏ కాలంలో, ఏ నీటిలోది, ఎలా వండాలి అన్న జ్ఞానాన్ని చెరువు గట్టునే వదిలేస్తున్నారు.

మీలో చాలామందికి తెలిసిన పొన్నగంటికూరతో మొదలుపెడతాను. వరిమడి గట్లమీద, చెరువు అలుగు దిగువన, బావి దగ్గర నీరు జారే చోట నేలను అంటుకుని పాకుతుంది. ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు వేస్తుంది కాబట్టి ఎంత గిల్లితే అంత చిగురు పెడుతుంది. సంస్కృత నిఘంటువులు మత్స్యాక్షి అన్నది దీనినే. పెసరపప్పుతో కలిపి వండినా, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి వేపుడు చేసినా, ఉత్త తోటకూర కంటే దీనికి కొంత ఘాటు, కొంత కమ్మదనం ఉంటాయి. ఇంత తెలిసిన మొక్క విషయంలో కూడా ఈ రోజు ఒక చిక్కు వచ్చిపడింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఒక కలుపు మొక్క, ఇదే ప్రజాతికి చెందినది, మన చెరువుల్లోనూ, మురుగు కాలువల్లోనూ తెప్పలు తెప్పలుగా అల్లుకుపోయింది. దానిని అలిగేటర్ కలుపు అంటారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. దగ్గరకు వెళ్ళి పువ్వును చూడాలి: పొన్నగంటిలో తెల్లని చిన్న పూగుత్తి ఆకు మొదట్లోనే, కాడ లేకుండా, కణుపుకు అతుక్కుని ఉంటుంది, కలుపు మొక్కలో ఆ తెల్లని గుత్తి పొడవైన కాడ చివర నిలబడి ఉంటుంది. నీటి మీద తేలే కాడను విరిచి చూస్తే కలుపు మొక్కది పెద్ద గొట్టంలా బోలుగా ఉంటుంది. అది పెరిగేది ఎక్కువగా మురుగులోనే కాబట్టి, గుర్తుపట్టడంలో పొరపాటు జరిగితే కంచంలోకి వచ్చేది ఆ మురుగులోని లోహాలు కూడా.

పొన్నగంటి కంటికి మంచిదని మన ఇళ్ళలో అంటారు. ఈ మాటను అలా కొట్టిపారేయనక్కరలేదు, అలాగని అద్దాలు తీసి పారేయనూ అక్కరలేదు. ముదురాకుపచ్చ ఆకుల్లో ఉండే బీటా కెరోటిన్ మన శరీరంలో విటమిన్ ఎ గా మారుతుంది. ఆ విటమిన్ లోపించినప్పుడు వచ్చే రేచీకటికి ఇటువంటి ఆకుకూర క్రమం తప్పకుండా తినడం మేలు చేస్తుంది. పైగా ఆ కెరోటిన్ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి పడుతుంది. కనుక ఆకును నూనెలో వేయించిన వంట, ఉత్త రసం తాగడం కంటే ఉపయోగకరం. దీన్ని మన అమ్మమ్మలకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. కానీ శుక్లాలు కరిగిపోతాయనీ, చత్వారం పోతుందనీ సెల్‌ఫోన్‌లో తిరిగే మాటలకు ఏ ఆధారమూ లేదు.

ఇక తూటికూర. నీటి మీద పాకే ఈ తీగ కాడలు బోలుగా ఉండటం వల్ల తేలుతుంది. లేత ఊదా రంగు గరాటు పువ్వు పూస్తుంది. ఆకు బాణపు ములికిలా ఉంటుంది. బెంగాలీలు దీనిని కల్మీ శాకం అని బజారులో కట్టలు కట్టి అమ్ముకుంటారు. ఆగ్నేయాసియా దేశాలలో ఇది రోజువారీ కూర. అమెరికాలో మాత్రం కాలువలను కప్పేసే ప్రమాదం ఉందని దీనిని కేంద్ర ప్రభుత్వం హానికర కలుపు మొక్కల జాబితాలో పెట్టింది. అక్కడి ఆసియా కుటుంబాలు తమ కూర కోసం ఆ చట్టంతో ఇబ్బంది పడవలసి వస్తోంది. మన దగ్గర దీనిని ఎవరూ నిషేధించలేదు, మనమే మానేశాం. మానేయడానికి ఒక కారణం దీని దాయాది. అడుగుల ఎత్తున పొదలుగా పెరిగి, చెరువు గట్లను, రోడ్డు పక్క గుంటలను ఆక్రమించి, పెద్ద గులాబీ రంగు పువ్వులు పూసే మొక్కను తెలంగాణలో లొట్టపీసు చెట్టంటారు, కొన్ని చోట్ల తూటి అనే అంటారు. రెండూ ఒకే ప్రజాతివి. కానీ లొట్టపీసులో స్వైన్‌సోనిన్ అనే విషం ఉంది. అది తిన్న మేకలు తూలుతూ, చిక్కి చచ్చిపోతాయి. ఊళ్ళో మేకల కాపరికి ఈ తేడా పుట్టుకతోనే తెలుసు, పట్నంలో నర్సరీ నడిపేవారికి తెలియాలన్న నియమం లేదు. గుర్తు సులభం: కూర మొక్క నీటి మీద పడుకుంటుంది, విష మొక్క నిటారుగా నిలబడుతుంది.

ఆకుల సంగతి ఎంతో కొంత గుర్తుంది కానీ, నీటి అడుగున ఉండే గడ్డల సంగతి దాదాపు పూర్తిగా మరచిపోయాం. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో 1781 నుంచి 1793 వరకు మన సామర్లకోటలో ఉన్నాడు. ఉత్తర సర్కారుల మొక్కలను స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లతో సహా రాసిపెట్టాడు. ఆయన రాసిన మొక్కల్లో నిలవ నీటి గుంటల్లో వానాకాలంలో పుట్టి, ఆకులు నీటి మీద తేలుతూ, ఒకే కంకి పైకి వచ్చే చిన్న మొక్క ఒకటుంది. నేటి వృక్షశాస్త్రంలో దానిని అపోనోజిటాన్ అంటారు. తెలుగువారు దానిని నమ అంటారని, దాని గడ్డలంటే ఇక్కడివారికి ఇష్టమని, అవి ఇంచుమించు బంగాళాదుంపంత బాగుంటాయని ఆయన నమోదు చేశాడు. బంగాళాదుంప మన పల్లెల్లో ఇంకా ఇంటి కూర కాని కాలంలో ఒక తెల్లవాడు మన గుంటలోని గడ్డను దానితో పోల్చాడన్నమాట. ఇవాళ గోదావరి జిల్లాల్లో ఎవరినైనా ఆపి నమ గడ్డ తిన్నారా అని అడగండి.

రాక్స్‌బరో సామర్లకోటలో ఉన్న చివరి రోజుల్లోనే, 1790 తరువాత, ఉత్తర సర్కారులను ఘోరమైన కరువు పట్టింది. వరి ఎండిపోయిన ఏడాది చెరువు కూడా ఎండుతుంది. చెరువు ఎండినప్పుడే గడ్డలు దొరుకుతాయి. నీళ్ళున్నంత కాలం కలువ పైన ఆకులూ పువ్వులూ వేసుకుని, తన నిల్వనంతా కింద బురదలో గడ్డ రూపంలో దాచుకుంటుంది. చైత్ర వైశాఖాల్లో నీరు ఇంకి, బురద పగుళ్ళు వారినప్పుడు, ఎండిన కాడ మొదలును బట్టి గునపంతో తవ్వి తీస్తారు. పైన నల్లని పీచు తోలు ఉంటుంది, లోపల పసుపుపచ్చని పిండి. పచ్చిగా వగరు. అందుకని కడిగి, ఉడికించి, ఆ నీరు పారబోసి, తోలు తీసి ఉప్పు వేసుకుని తింటారు. లేదా ముక్కలు ఎండబెట్టి పిండి చేసుకుంటారు. కలువ కాయలు నీటి లోపలే పండుతాయి. వాటిలోని ఆవగింజలంత గింజలను ఆరబెట్టి వేయిస్తే పేలాల్లా పేలుతాయి, బెంగాల్ పల్లెల్లో వాటిని బెల్లంతో ఉండలు కడతారు.

ఇటువంటి తిండికి కరువు కూడు అన్న ముద్ర పడింది. ఆ ముద్ర చాలా బలమైనది. ఒక ఇంట్లో కలువ గడ్డ ఉడుకుతోందంటే ఆ ఇంట్లో గింజలు లేవని ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది. రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన తరువాత ఎవరు మాత్రం ఆ గడ్డ తవ్వుకుంటారు? బియ్యం రావడం మంచిదే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అయితే గంగపుత్రులు, ముదిరాజులు, బెస్తలు, నెల్లూరు తీరాన యానాదులు, పశువులు కాసే పిల్లలు, వీరి చేతుల్లో ఉన్న ఈ గడ్డల జ్ఞానాన్ని పేదరికానికి గుర్తుగా తప్ప విద్యగా మనం ఎన్నడూ చూడలేదు. తామర విషయం మాత్రం వేరుగా నడిచింది. దేవుని పువ్వు కావడం వల్ల దానికి గౌరవం దక్కింది. కశ్మీరు వారు నద్రూ పేరుతో దాని దుంపను విందు భోజనంలో వడ్డిస్తారు కాబట్టి మన సూపర్‌మార్కెట్లలోకి కూడా వచ్చింది. అదే చెరువులో దాని పక్కన ఉన్న కలువ గడ్డకు ఆ భాగ్యం పట్టలేదు.

మందు మొక్కల దగ్గరకు వద్దాం. నీరుగొబ్బి మీకు గుర్తుండే ఉంటుంది. చెరువు అంచు బురదలో, వరికోత తరువాత మడి మూలల్లో నిలబడే ముళ్ళ మొక్క. ప్రతి కణుపు చుట్టూ ఆకుల వలయం, ఆ ఆకుల మధ్య ఆరు పొడవాటి పచ్చని ముళ్ళు, ఊదా నీలం పువ్వులు. సంస్కృతంలో దీని పేరు కోకిలాక్షం. ఆయుర్వేదంలో వాతరక్తానికి, అంటే కీళ్ళు వాచి మండే జబ్బుకు, కోకిలాక్ష కషాయం ఇప్పటికీ తయారవుతుంది. మూత్రం జారీ కావడానికి వేరును, సమూలాన్ని, అంటే వేరుతో సహా మొత్తం మొక్కను, వాడతారు. గింజలను నీటిలో వేస్తే క్షణాల్లో జిగురు పట్టి ఉబ్బుతాయి, వాటిని పాలలో కలిపి బలానికి ఇస్తారు. ముళ్ళు గట్టిపడక ముందు లేత ఆకు కూరగా వండుకోవచ్చు. బెంగాల్‌లో కులేఖాడా అన్న పేరుతో రక్తహీనత ఉన్న ఆడవారికి దీని ఆకు ఉడికించిన నీటిని ఇస్తారు. ఒకే మొక్క ఒక రాష్ట్రంలో కట్టలుగా అమ్ముడుపోతుంది, ఇంకో రాష్ట్రంలో కలుపు మందుకు చస్తుంది.

సరస్వతి ఆకును, నీటి బ్రాహ్మిని గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. సరస్వతి ఆకు గుండ్రంగా, అంచులు నొక్కులుగా, పొడవు కాడ మీద గొడుగులా నిలబడుతుంది. నీటి బ్రాహ్మి ఆకు చిన్నది, మందమైనది, కాడకు ఎదురెదురుగా ఉంటుంది. పువ్వు తెలుపు లేదా లేత ఊదా. ఉత్తరాదిలో రెండింటినీ బ్రాహ్మి అనే అమ్ముతారు కాబట్టి సీసా మీద పేరు చూసి కొనడం చాలదు. చరక సంహిత చికిత్సాస్థానంలో మేధకు చెప్పిన నాలుగు రసాయనాల్లో, అంటే శక్తినిచ్చే మందుల్లో, మండూకపర్ణి స్వరసం (పచ్చి ఆకు రసం) మొదటిది, అది సరస్వతి ఆకు. నీటి బ్రాహ్మి మీద లక్నోలోని సెంట్రల్ డ్రగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాల పాటు పరిశోధన చేసింది, దానిలోని బకోసైడ్‌లను వేరు చేసి జ్ఞాపకశక్తి మీద వాటి ప్రభావాన్ని పరీక్షించింది. ఆ ప్రభావం కనిపించడానికి వారాలు పడుతుంది, పరీక్ష ముందు రోజు పిల్లవానికి మింగిస్తే వచ్చేది కడుపు వికారమే. సరస్వతి ఆకును మందుగా ఎక్కువ మోతాదులో వాడినవారిలో అరుదుగా కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. చింతపండు, పచ్చిమిర్చి వేసి వారానికొకసారి పచ్చడి నూరుకోవడం వేరు, గుళికలుగా నెలల తరబడి మింగడం వేరు.

తుంగ గురించి ఎక్కువ చెప్పను, రైతుకు దానితో ఉన్న వైరం అందరికీ తెలుసు. కానీ రైతు తిట్టుకుంటూ పీకి గట్టున పారేసే ఆ తుంగగడ్డే ఆయుర్వేదంలో ముస్త. జ్వరంలో దప్పిక తీరడానికి ఇచ్చే షడంగ పానీయంలో పర్పాటకం, వట్టివేరు, చందనం, కురువేరు, శొంఠితో పాటు అది కూడా ఉంటుంది.

తయారీ తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆస్ట్రేలియా నుంచి ఒక ఉదంతం తెస్తాను. అక్కడ నార్డూ అనే నీటి ఫెర్న్ ఉంది, మార్సీలియా ప్రజాతిది. అదే ప్రజాతికి చెందిన నాలుగు రేకుల ఆకు మన వరిమళ్ళలోనూ తేలుతుంది, బెంగాలీలు దానిని శుష్నీ శాకం అని నిద్ర పట్టడానికి తింటారు. 1861లో బర్క్, విల్స్ అనే అన్వేషకులు ఆ ఖండాన్ని దాటి తిరిగి వస్తూ, తిండి అయిపోయి, కూపర్స్ క్రీక్ దగ్గర యాండ్రువాంధా ప్రజలు తినే నార్డూ పిండి మీద ఆధారపడ్డారు. కడుపు నిండుగా తింటూనే రోజురోజుకూ కాళ్ళు బలహీనపడి ఇద్దరూ చనిపోయారు. వారితో ఉన్న జాన్ కింగ్ ఒక్కడు ఆ ప్రజల మధ్యకే చేరి, వారు పెట్టింది తిని బతికాడు. నార్డూలో విటమిన్ బి1ను నాశనం చేసే థయమినేజ్ అనే ఎంజైము ఉంది. అక్కడి ప్రజలు తమ పద్ధతిలో వేయించి, నూరి, నీటితో కలిపి తినేవారు. అన్వేషకులు ఆ పద్ధతి అంతా పాటించకపోవడం వల్ల బెరిబెరి లాంటి జబ్బు వచ్చి ఉంటుందని 1990లలో శాస్త్రవేత్తలు వాదించారు. మొక్క పేరు వారికి తెలుసు, రుచి తెలుసు, దొరికే చోటు కూడా తెలుసు.

నీటి మొక్కలు ఎక్కడైనా నిర్లక్ష్యానికి గురికాక తప్పదని అనుకోకండి. 1820లలో కశ్మీరు చూసిన ఆంగ్ల యాత్రికుడు మూర్‌క్రాఫ్ట్, వులర్ సరస్సులో దొరికే సింగాడా అనే నీటి మొక్క కాయ ఏడాదిలో అయిదు నెలల పాటు కనీసం 30,000 మందికి ఆహారమని రాశాడు. బీహార్‌లోని మిథిలలో మల్లా కులస్థులు చెరువుల్లో మునిగి అడుగున ముళ్ళ మొక్క గింజలు ఏరి, వేయించి, చెక్క సుత్తితో కొట్టి పేల్చే మఖానా ఈ రోజు ప్రపంచమంతా అమ్ముడుపోతోంది. దర్భంగాలో 2002లో దానికోసం జాతీయ పరిశోధన కేంద్రం వచ్చింది, 2022లో మిథిలా మఖానాకు భౌగోళిక గుర్తింపు దక్కింది, 2025 కేంద్ర బడ్జెట్‌లో మఖానా బోర్డును ప్రకటించారు. బెంగాల్‌లో కాళీపూజ ముందు రోజు పద్నాలుగు రకాల ఆకుకూరలు తినే ఆచారం ఉంది. ఆ జాబితాలో శుష్నీ, హెలెంచా, మన పొన్నగంటి కూడా ఉంటాయి. పంచాంగంలో ఒక రోజు రాసిపెట్టి ఉండటం వల్ల ఆ మొక్కను గుర్తుపట్టే కన్ను ఏడాదికొకసారైనా తెరుచుకుంటోంది. మనకు బతుకమ్మ ఉంది. తంగేడు, గునుగుతో పాటు తామర, కలువ కోసం ఆ పండుగకు చెరువులోకి దిగుతాం. కానీ పువ్వు తెచ్చుకుంటాం, గడ్డ జోలికి వెళ్ళం.

ఇప్పుడు దారి ఎలా మూసుకుపోయిందో చూద్దాం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరులో కలువలు, జమ్ము, తుంగ సహజంగా పెరిగిన మెరక పల్లాలను కట్టలు కట్టి చేపల చెరువులు చేశారు. చేపల సాగులో నీటి మొక్క శత్రువు, ఎందుకంటే వల లాగడానికి అడ్డం. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో అక్రమ చెరువుల గట్లు తెగగొట్టారు, అయినా ఆ తగవు ఈనాటికీ తెగలేదు. 1959లో మన దేశానికి తెచ్చిన గడ్డిచేప మెత్తని నీటి మొక్కలన్నిటినీ మేస్తుంది, తెచ్చిందే అందుకు. పైన గుర్రపుడెక్క కప్పేస్తే కింద మిగిలినదానికి వెలుతురు అందదు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టింది. నీటికి అది అవసరమైన పనే. కానీ యంత్రం పూడిక తీసేటప్పుడు అందులో ఉన్న కలువ గడ్డలు, నమ గడ్డలు కూడా ట్రాక్టర్లలో పొలాలకు వెళ్ళిపోయాయి. చేప విడిచే ముందు చేప పిల్లలు ఎన్నో లెక్క పెట్టిన మనం, గడ్డలు ఎన్ని పోయాయో లెక్క పెట్టలేదు.

తినాలనుకునేవారికి ఒక గట్టి హెచ్చరిక. నీటి మొక్కలు చుట్టూ ఉన్న నీటిలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చి నిల్వ చేసుకుంటాయి, అందుకే కొన్నిటిని మురుగు శుద్ధికి వాడతారు. మూసీ వెంటా, పటాన్‌చెరు చుట్టుపక్కల రసాయన వ్యర్థాలు కలిసిన వాగుల్లోనూ పచ్చగా నిగనిగలాడే ఆకును కూరగా గానీ మందుగా గానీ ఎట్టి పరిస్థితిలోనూ కోయవద్దు. శుభ్రమైన పల్లె చెరువైనా సరే, పచ్చిది తినవద్దు. నత్తల ద్వారా పెరిగి, నీటి మొక్కల మీద గట్టి పొరతో అంటుకుని ఉండే పేగు పురుగు ఒకటి, ఫాసియోలాప్సిస్, సింగాడా కాయను పళ్ళతో ఒలుచుకుని తినేవారికి బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో సోకినట్లు వైద్యులు గుర్తించారు. మరుగుతున్న నీటిలో ఉడికిస్తే అది చచ్చిపోతుంది. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు ఆక్సలేట్ ఎక్కువగా ఉండే ఈ ఆకులను ఉడికించి, నీరు వంపేసి, మితంగా తినాలి.

చివరగా, చేతనైన పనులు రెండు చెబుతాను. ఇంటి మీద సిమెంటు తొట్టి ఉన్నవారు అందులో సగం ఎర్రమట్టి, సగం చివికిన పేడ వేసి, నాలుగు వేళ్ళ ఎత్తు నీరు నిలిపి, శుభ్రమైన చోటు నుంచి తెచ్చిన తూటికూర కాడలను కణుపులు మునిగేలా గుచ్చితే కొద్ది వారాల్లో కూరకు వస్తుంది. పొన్నగంటికి, నీటి బ్రాహ్మికి నీరు నిలవనక్కరలేదు, మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే చాలు. దోమలు రాకుండా నీటి తొట్టిలో నాలుగు గప్పీ చేపలు విడవండి. రెండో పని ఊరిది. వేసవిలో పూడిక తీయించే ముందు మత్స్యకార సంఘాన్ని, పంచాయతీని కూర్చోబెట్టి, చెరువు శిఖంలో అలుగుకు దూరంగా ఉన్న ఒక మూలను తవ్వకుండా, గడ్డిచేప చేరకుండా వల అడ్డం కట్టి వదిలేయమని అడగాలి. ఏ మూల వదలాలో ఇంజనీరును అడగవద్దు. ఆ చెరువులో చిన్నప్పుడు గునపం పట్టుకుని తిరిగినవారు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఇంకా ఉన్నారు, వారిని పిలిచి అడగండి. మీ విభాగంలో హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల భాండారం, ఉంటే, వారు చూపించిన ప్రతి మొక్కనూ వారి నోటి పేరుతో, వండే పద్ధతితో, కోసిన నెలతో సహా అట్ట మీద అంటించి భద్రపరచండి.

నమస్కారం.